మాటల మర్మం: పిగ్గు, పంది, పందికొక్కు

గత సంచికలో 'క్రేన్' అన్న మాటను గురించి ముచ్చటించుకున్నాము. పొడవైన మెడ గల కొంగజాతి పక్షి పేరు బరువులెత్తే యంత్రానికి ఎట్లా సంక్రమించిందో చూశాము. ఈసారి పక్షిని విడిచి మరొక ప్రాణిని పట్టుకున్నాము. పేరు వినగానే కొందరు పాఠకులు ముక్కు మూసుకోవచ్చు. అయినా ఆ మాటను సూచించినది ఒక చిన్నారి కనుక కాదనలేకపోయాము.

సూరత్ నగరానికి పడమరగా, తపతీ నది సముద్రంలో కలిసే చోట హజీరా ఉన్నది. అక్కడి కర్మాగారాన్ని ఉద్యోగుల కుటుంబాలకు చూపించే రోజున మా మిత్రుని కుమార్తె, తొమ్మిదవ తరగతి చదువుతున్న అమ్మాయి, మా వెంట వచ్చింది. ఒకచోట పసుపురంగు వేసిన లావుపాటి గొట్టం, దాని చివర గుండ్రని ఉక్కు తలుపు, పక్కన ఆంగ్లంలో 'పిగ్ లాంచర్' అన్న బోర్డు కనిపించాయి. అమ్మాయి పకపక నవ్వి, "అంకుల్, ఇందులోనుంచి పందుల్ని వదులుతారా?" అని అడిగింది. తండ్రి "ఏమిటా మాటలు!" అని కసిరారు. "కసరకండి, అమ్మాయి సరిగ్గానే చదివింది" అన్నాము. నిజానికి అందులోనుండి వదిలేది పిగ్గునే. అది ఏ పిగ్గు, దానికి ఆ పేరెందుకు వచ్చింది అన్నదే ఈ నెల ముచ్చట.

ముందుగా మాట పుట్టుక చూద్దాము. పూర్వకాలపు ఆంగ్లంలో ఈ జంతువుకు వాడుకలో ఉన్న పేరు 'స్వైన్'. 'పిగ్' అంటే తొలినాళ్లలో పందిపిల్ల మాత్రమే. కాలక్రమంలో పిల్ల పేరే జాతి మొత్తానికి పేరై, పాత మాట గ్రంథాలకు, తిట్లకు పరిమితమైంది. మగదానిని 'బోర్' అని, ఆడదానిని 'సౌ' అని, మాంసానికై పెంచిన దానిని 'హాగ్' అని అంటారు. ఇక మాంసం పళ్లెంలోకి వచ్చేసరికి పేరు మారి 'పోర్క్' అవుతుంది. ఇది ఫ్రెంచి నుండి వచ్చిన మాట. నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత జంతువును మేపేవాడు ఆంగ్లేయుడు, భుజించేవాడు ఫ్రెంచి మాట్లాడే ప్రభువు. అందుచేత బురదలో ఉన్నంతకాలం ఆంగ్లనామం, బల్ల మీదికి వచ్చాక ఫ్రెంచి నామం ఏర్పడినదని సర్ వాల్టర్ స్కాట్ 1819లో వెలువడిన 'ఐవన్‌హో' నవలలో ఒక విదూషకుని చేత చెప్పించాడు. పాటుపడేవాని నోట ఒక మాట, ఫలం అనుభవించేవాని నోట మరొక మాట. ఈ సంగతి మన ముచ్చటలో మరొకసారి ఎదురవుతుంది.

ఆంగ్ల జాతీయాలలో పిగ్గులు గుంపులు గుంపులుగా తిరుగుతుంటాయి. సరుకు చూడకుండా కొనేవాడిని సంచిలోని పందిని కొన్నాడంటారు. మనం చెరువులోని గేదెను బేరమాడినట్టు అంటాము. జరగని పనిని ఎద్దేవా చేయడానికి వారు పందులు ఎగరవచ్చునంటే, మనం గుర్రం ఎగరావచ్చు అంటాము. మొండివాడిని 'పిగ్ హెడెడ్' అంటారు. ప్రయోగానికి గురైనవాడిని 'గినీ పిగ్' అంటారు. అసలు ఆ ప్రాణి పందీ కాదు, దాని స్వస్థలం ఆఫ్రికాలోని గినీ దేశమూ కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతప్రాంతపు మూషికజాతి జీవి అది. విద్యుత్ శాఖ మిత్రులకు 'పిగ్‌టెయిల్' తెలియనిది కాదు. తీగ కొసన వేలాడే పొట్టి తోక వంటి ముక్కకు ఆ పేరు.

పిల్లలు చిల్లర దాచుకునే 'పిగ్గీ బ్యాంకు' కూడా ఈ కుటుంబంలోనిదే. జావా ద్వీపంలో మజపహిత్ రాజ్యకాలంలోనే పంది ఆకారపు మట్టి హుండీలు ఉండేవి. నేటికీ ఇండోనేషియా భాషలో హుండీని 'చెలెంగాన్' అంటారు. 'చెలెంగ్' అంటే అడవిపంది. ఇది విని ఆశ్చర్యపడనవసరం లేదు. మన పెద్దలు బంగారు నాణేన్ని ఏమని పిలిచేవారో గుర్తు చేసుకోండి. వరహా! విజయనగర రాజుల లాంఛనం వరాహం. వరాహమూర్తి ముద్ర గల నాణెం పేరు వరహా. అంటే సంపదను పందితో ముడిపెట్టడంలో మనం ఎవరికీ తీసిపోలేదు. తిరుమలకు వెళ్లినవారు ముందుగా వరాహస్వామిని దర్శించడం ఆచారం. సింహాచలంలో కొలువైనది వరాహ లక్ష్మీనృసింహుడు. దేవుడైనప్పుడు వరాహమని చేతులు జోడిస్తాము, వీధిలో కనిపిస్తే పంది అని చీదరించుకుంటాము.

ఇక ఇంజనీర్ల లోకానికి వద్దాము. అందులో మొదటిది 'పిగ్ ఐరన్'. పూర్వం కొలిమి నుండి కరిగిన ఇనుమును ఇసుకలో చేసిన కాలువలోకి వదిలేవారు. పెద్ద కాలువకు ఒక వరుసలో పొట్టి పొట్టి పాయలుండేవి. ఆ దృశ్యం పడుకున్న తల్లిపంది వద్ద పాలు తాగుతున్న పిల్లల వరుసలా కనిపించింది. పెద్ద కాలువకు 'సౌ' అని, పాయలలో గట్టిపడిన దిమ్మలకు 'పిగ్' అని పేర్లు స్థిరపడ్డాయి. మన పాఠ్యపుస్తకాలు దీనిని దుక్క ఇనుము అన్నాయి. సుమారు నాలుగు శాతం కర్బనం ఉండడం వలన సుత్తితో కొడితే సాగదు, పెళుసుగా విరుగుతుంది. అయినా ఉక్కుకు తల్లి ఇదే. మన విశాఖ ఉక్కు కర్మాగారం వాణిజ్య పత్రాలలో సైతం ఈ పిగ్గుకు గౌరవప్రదమైన స్థానమే ఉన్నది.

రెండవది మా అమ్మాయి చూసి నవ్విన పిగ్గు. బొంబాయి తీరానికి ఆవల, సముద్రంలోని దక్షిణ బసీన్ క్షేత్రపు వాయువు సముద్రగర్భపు గొట్టాల ద్వారా హజీరా చేరుతుంది. అక్కడ శుద్ధి పొందిన వాయువును దేశం లోపలికి తీసుకువెళ్లే నిమిత్తం 1980వ దశకంలో హజీరా - బిజైపూర్ - జగదీశ్‌పూర్ మార్గం వేశారు. దాని పొడవు 1,700 కిలోమీటర్లకు పైమాటే. ఎరువుల కర్మాగారాలకు, విద్యుత్ కేంద్రాలకు అది ప్రాణనాడి వంటిది.

ఇంతటి గొట్టం లోపల ఏమి జరుగుతున్నదో ఎట్లా తెలుస్తుంది? నేల కింద ఉన్నది, విప్పి చూడలేము. వాయువుతో వచ్చిన నీరు పల్లపు చోట్ల నిలుస్తుంది. ద్రవ ఇంధనం చేరుతుంది. తుప్పు పొడిగా రాలుతుంది. ముడిచమురు గొట్టమైతే లోపలి గోడలకు మైనం పేరుకుంటుంది. వీటిని తుడిచివేయడానికి గొట్టం లోపలి కొలతకు సరిగ్గా బిగిసే రబ్బరు పళ్లాలు, బ్రష్షులు అమర్చిన ఒక పరికరాన్ని లోపలికి పంపుతారు. దానికి ఇంజను ఉండదు. వెనుకనున్న వాయువు పీడనమే దానిని తోస్తుంది. మనిషి నడక వేగంతోనో పరుగు వేగంతోనో అది మైళ్ల కొద్దీ పోయి, ముందున్న మురికినంతా తోసుకుంటూ అవతలి కొసన బయటపడుతుంది. అదే పిగ్గు. దానిని లోపలికి పంపే చోటు లాంచర్, అందుకునే చోటు రిసీవర్.

ఆ పేరుకు కారణం పనివారి చెవులు. తొలినాళ్లలో తోలు పట్టీలు, ముళ్లతీగ చుట్టిన మూటలను గొట్టాలలోకి పంపేవారట. ఇనుముకు ఒరుసుకుంటూ పోయేటప్పుడు అవి పంది కీచుమన్నట్టు అరిచేవని, దానితో పేరు నిలిచిందని ఆ వృత్తిలోని పెద్దలు చెబుతారు. పైకి వచ్చేటప్పుడు మురికిలో పొర్లిన పందిలా కనిపించడం కూడా తోడై ఉంటుంది. ఇటీవల కొందరు 'పైప్‌లైన్ ఇన్‌స్పెక్షన్ గేజ్' అన్న మూడు మాటల తొలి అక్షరాలే పి, ఐ, జి అని బోధిస్తున్నారు. అది పేరు పుట్టిన తరువాత అల్లిన అర్థం. పంది పేరు పలకడానికి సిగ్గుపడినవారు తొడిగిన కోటు అనుకోవచ్చు.

ఇప్పుడు ఈ పిగ్గుకు తెలివి కూడా వచ్చింది. అయస్కాంతాలు, గ్రాహకాలు అమర్చిన పరికరం గోడ పొడవునా అయస్కాంత క్షేత్రాన్ని ప్రసరింపజేస్తూ పోతుంది. లోహం పలుచబడిన చోట ఆ క్షేత్రం బయటికి తొణుకుతుంది. ఆ తొణుకును నమోదు చేసి, ఎన్నవ కిలోమీటరు వద్ద ఎంత మందం పోయిందో చెబుతుంది. భాభా అణు పరిశోధన కేంద్రం, ఇండియన్ ఆయిల్ సంస్థ కలిసి మన దేశంలోనే ఇటువంటి పరికరాన్ని రూపొందించాయి.

ఈ సందర్భంలో మా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. అది జరిగి చాలా ఏళ్లయింది. ఊరు, సంస్థ పేర్లు అవసరం లేదు. ఒక రిసీవర్ వద్ద పిగ్గు చేరిందన్న సూచన వచ్చింది. వాల్వులు మూసి, లోపలి వాయువును వెంట్ గొట్టం గుండా వదిలి, తలుపు తెరవాలి. గొట్టం నుండి వచ్చే నల్లని బురదలో గాలి తగిలితే తనంత తానే రగులుకునే ఇనుప గంధకం ఉండవచ్చు. అందుకని దానిని తడుపుతూ ఎత్తిపోయడానికి కాంట్రాక్టు కూలీ ఒకతను సిద్ధంగా నిలుచున్నాడు. అంతకుముందు మరొక పని చేసి రావడం వలన తల నుండి కాళ్ల దాకా నల్లగా ఉన్నాడు. మాతో ఉన్న యువ అధికారి అతనిని చూసి, "అసలు పిగ్గు లోపల లేదు, ఇక్కడే నిలబడి ఉన్నది" అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము.

పీడనమాపకం ముల్లు సున్నా మీద నిలిచింది. తలుపు తెరవమని సైగ చేశాము. ఆ కూలీ కదలలేదు. "వద్దు సార్, చప్పుడు మెల్లమెల్లగా తగ్గలేదు, టక్కున ఆగింది" అన్నాడు. వాయువు సాధారణంగా బయటికి పోయేటప్పుడు బుసబుస శబ్దం క్రమంగా సన్నగిల్లి ఆగాలి. హఠాత్తుగా ఆగిందంటే వెంట్ గొట్టం మురికితో మూసుకుపోయి ఉండవచ్చు. మాపకానికి పోయే సన్నని గొట్టం సైతం అట్లాగే పూడిపోతే ముల్లు సున్నానే చూపుతుంది. మరొక దారిన పరీక్షించగా అతను చెప్పినదే నిజమైంది. లోపల పీడనం మిగిలే ఉన్నది.

లెక్క చెబితే పాఠకులకు తీవ్రత అర్థమవుతుంది. 36 అంగుళాల వ్యాసం గల తలుపు మీద చదరపు సెంటీమీటరుకు ఒక్క కిలో చొప్పున పీడనం మిగిలి ఉన్నా, మొత్తం బలం ఆరున్నర టన్నులు. తలుపు తెరిచిన క్షణంలో అది మనిషిని విసిరికొడుతుంది, వెనుకనున్న పిగ్గు ఫిరంగి గుండై వస్తుంది. ఆనాడు తలుపు ముందు నిలబడినవారిలో మేమూ ఉన్నాము.

సాయంత్రం రిజిస్టరులో వివరాలు నింపాము. పిగ్గు నంబరు, బయలుదేరిన సమయం, చేరిన సమయం, పళ్లాల అరుగుదల, తెచ్చిన మురికి బరువు, అన్నిటికీ గడులు ఉన్నాయి. ఆ కూలీ పేరుకు గడి లేదు. మేము అతని పేరు అడగనూ లేదు. ఈనాటికీ మాకు తెలియదు.

మురికిని బయటికి తెచ్చే పని ఎంత విలువైనదో, ఆ పని లోపించిన చోట తెలుస్తుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున తూర్పు గోదావరి జిల్లా, నేటి కోనసీమ జిల్లాలోని నగరం గ్రామంలో వాయువు గొట్టం పగిలి, మంటలు ఇళ్లను, కొబ్బరితోటలను చుట్టుముట్టాయి. ఇరవై మందికి పైగా మరణించారు. పొడి వాయువు కోసం ఉద్దేశించిన గొట్టంలో నీరు, ద్రవాలు కలిసిన వాయువు పోవడం, గొట్టాన్ని లోపలి నుండి తుప్పు తినివేయడం కారణాలుగా విచారణలో తేలాయి. పైన పచ్చని పైరు, కింద పలుచబడుతున్న ఉక్కు. గొట్టం తానుగా ఏమీ చెప్పదు. లోపలికి పోయి వచ్చినదే చెప్పాలి. అది తెచ్చిన బురదను చేతితో తాకి చూసేవాడు చెప్పాలి. వారు చెప్పినది పైనున్నవారు వినాలి.

ఇక మూడవ మాట మన సొంత ఆస్తి. ఆంగ్లేయులు ఈ దేశంలో తొలుత కాలుమోపిన తావులలో సూరత్ ఒకటి. 1608లో హాకిన్స్ నౌక 'హెక్టర్' ఇక్కడికి వచ్చింది. హజీరా పొరుగుననే ఉన్న సువాలీ వద్ద 1612లో వారికి, పోర్చుగీసువారికి నౌకాయుద్ధం జరిగింది. మరుసటి ఏడు జహంగీర్ అనుమతితో సూరత్‌లో వర్తకశాల ఏర్పడింది. తెలుగుతీరాన మచిలీపట్నంలో 1611 నాటికే వారు వర్తకం మొదలుపెట్టారు. వచ్చినవారు బట్టలతో పాటు మాటలను కూడా ఓడలకెక్కించారు. అట్లా మన తెలుగు నుండి ఆంగ్లంలోకి వెళ్లిన మాటలలో పందికొక్కు ఒకటి. వారి నాలుక మీద అది 'బాండికూట్' అయింది. ఆంగ్ల నిఘంటువులు దానికి మూలం తెలుగేనని, పంది, కొక్కు అన్న రెండు మాటల కూర్పని చెబుతున్నాయి. ధాన్యపు గాదెలకు కన్నం వేసే ఈ జీవికి శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిన్ పేరు సైతం 'బాండికోటా ఇండికా'. ఆ పైన ఆస్ట్రేలియాలోని వేరొక సంచిజాతి జంతువుకు కూడా ఆంగ్లేయులు అదే పేరు పెట్టారు. మన ఇళ్లలో పిల్లలు ఆడిన వీడియో ఆటలోని 'క్రాష్ బాండికూట్' ఆ ఆస్ట్రేలియా శాఖకు చెందినవాడు. ఇంటిపేరు మాత్రం మనదే!

ఈ మాట ఇటీవల మరొక మజిలీ చేసింది. 2015 నవంబరులో కేరళలోని కోళికోడ్‌లో మ్యాన్‌హోలులోకి దిగిన ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు విషవాయువుకు బలయ్యారు. వారిని కాపాడబోయిన స్థానిక ఆటో డ్రైవరు కూడా మరణించాడు. ఆ కార్మికులిద్దరూ ఆంధ్రప్రదేశ్ నుండి వలస వెళ్లినవారు. తరువాత కేరళకు చెందిన యువ ఇంజనీర్లు స్థాపించిన 'జెన్‌రోబోటిక్స్' సంస్థ మ్యాన్‌హోలులోకి మనిషికి బదులుగా దిగి, పూడిక తీసే యంత్రాన్ని తయారు చేసింది. 2018లో తిరువనంతపురంలో అది పనిలోకి దిగింది. దాని పేరు 'బాండికూట్'. ఇద్దరు తెలుగువారు ప్రాణాలు విడిచిన రాష్ట్రంలో, అట్టి చావులను ఆపడానికి పుట్టిన యంత్రానికి తెలుగు మాట నుండి వచ్చిన పేరు కుదరడం యాదృచ్ఛికమే కావచ్చు. మాకు మాత్రం అది చదివినప్పుడు మనసు కలతపడింది.

మనుషులను రక్షణ లేకుండా మురుగుకాలువలలోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అట్టి మరణాలకు పది లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2014లో సర్వోన్నత న్యాయస్థానం ఆదేశించింది. 2023లో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచింది. పెంచవలసి వచ్చిందంటే మరణాలు ఆగలేదనే కదా. గొట్టంలోకి పంపడానికి పిగ్గు ఉన్నది, మ్యాన్‌హోలులోకి దించడానికి బాండికూట్ ఉన్నది. అయినా మనిషిని దించుతున్నామంటే, యంత్రం కన్న మనిషి చౌక అని ఎక్కడో లెక్క వేస్తున్నామన్నమాట.

నందిని పందిని చేశారంటాము. ఆంగ్లేయుల కర్మాగారాలలో పని తీరు పందిని నంది చేసింది. కొలిమి దగ్గర, గొట్టం లోపల, ఆ మాట తిట్టు కాదు, పదవి పేరు. అర్థాన్ని నిర్ణయించినది జంతువు కాదు, చేసిన పని. ఈ సూత్రాన్ని ఇనుముకు, రబ్బరుకు వర్తింపజేసిన మనం పక్కన నిలిచిన మనిషికి వర్తింపజేయడం మరిచిపోయాము. బురదలోనుండి పైకి వచ్చిన యంత్రాన్ని కడిగి, తుడిచి, నంబరు చూసి భద్రపరుస్తాము. బురదలోనుండి వచ్చిన మనిషిని చూసి నవ్వుతాము.

ఆనాడు ఇదంతా అమ్మాయికి చెప్పలేదు. పిగ్గు పని మాత్రం వివరించాము. ఆమె శ్రద్ధగా విని, "అయితే బయటికి వచ్చాక దాన్ని ఎవరు కడుగుతారు అంకుల్?" అని అడిగింది. ఇంతకాలం ఉద్యోగం చేసి మేము అడగని ప్రశ్న అది. రిసీవర్ల విభాగానికి తీసుకువెళ్లి, గొట్టంతో నీళ్లు కొడుతున్న ఇద్దరిని చూపించాము. ఈసారి మాత్రం ముందుగా వారి పేర్లు అడిగి, అమ్మాయికి పరిచయం చేశాము.

వచ్చే సంచికలో సూరత్ మగ్గాల వీధులలోని మన తెలుగు కుటుంబాలకు చేరువైన మాట ఒకటి చూద్దాము. నూలు వడికే యంత్రానికి 'మ్యూల్', అనగా కంచరగాడిద, అన్న పేరు ఎందుకు వచ్చిందో ఈలోగా పాఠకులు ఆలోచించగలరు.